జీటీ ప్యాకేజీలో ఖాళీ వరుసలు, ఖాళీ నిలువువరుసలు: వాడి చూసిన మీదట ఒక సమీక్ష

గణాంకాల పనికి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పట్టికలు కూర్చడానికి ఉన్న జీటీ ప్యాకేజీని (అంటే ఆ భాషకు జతచేసుకునే అదనపు సాధనాన్ని) ఈ సమీక్షలో ఒక్క కోణం నుంచే చూస్తున్నాను. లెక్కల నుంచి తనంతట తాను తయారైన పట్టికలో, చదివేవారి కంటికి తెరిపి కలిగేలా, అక్కడక్కడా ఒక ఖాళీ అడ్డువరుసనో ఖాళీ నిలువువరుసనో చేర్చాలంటే ఈ ప్యాకేజీ ఎంతవరకు సహకరిస్తుందన్నదే ప్రశ్న. వినడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అయితే నివేదికలు తయారుచేసే పనిలో ఉన్నవారికి, పై అధికారి పట్టికను తిప్పి పంపేటప్పుడు అంకెల్లో తప్పు చూపడం కంటే ‘ఇక్కడ కాస్త ఖాళీ వదలండి’ అనడమే ఎక్కువని బాగా తెలుసు.

జీటీని రూపొందించినది రిచర్డ్ ఇయానోన్. వెనుక ఉన్న సంస్థ పాజిట్, అంటే 2022 వరకు ఆర్‌స్టూడియో పేరుతో నడిచినదే. ప్యాకేజీ 2020లో, ఆర్ ప్యాకేజీలను అందరికీ అందించే క్రాన్ భాండాగారంలోకి వచ్చింది. ఎంఐటీ లైసెన్సు కింద దొరుకుతుంది కనుక ఖర్చేమీ లేదు. పట్టికను శీర్షిక, నిలువువరుసల పేర్లు, వాటి పైనుండే ఉమ్మడి శీర్షికలు, దేహం, అడుగు గమనికలు అనే భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని విడిగా మలిచే వీలు కల్పించడం దీని ప్రధాన బలం. వెబ్ పేజీగా, అచ్చు పత్రాలు కూర్చే లేటెక్‌గా, వర్డ్ వంటివాటిలో తెరుచుకునే ఆర్‌టీఎఫ్‌గా, వర్డ్ ఫైలుగా పట్టికను బయటికి తీయవచ్చు. ఖాళీ వరుసలు చేర్చే సౌకర్యం మాత్రం మొదటి నుంచీ లేదు. అడ్డువరుసలు చేర్చే రోస్ యాడ్, నిలువువరుసలు చేర్చే కోల్స్ యాడ్ అనే రెండు ఫంక్షన్లు (పేరుతో పిలిస్తే ఒక నిర్ణీత పని చేసిపెట్టే ఆజ్ఞలు) 2023లో వచ్చిన 0.10.0 వెర్షనుతో చేరాయి. అంతకు ముందు ఖాళీలను మూల డేటాలోనే కలిపి, ఆ తరువాత పట్టికగా మార్చడం తప్ప మార్గం ఉండేది కాదు. ఆ పద్ధతిలో, అదే డేటాను వేరే పటానికో మరో లెక్కకో వాడవలసి వచ్చినప్పుడు ఖాళీలను మళ్లీ ఏరిపారేయవలసి వచ్చేది.

పరీక్షించడానికి నేను తీసుకున్నది తెలంగాణ జిల్లాల జనాభా పట్టిక. 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. పాఠకులలో చాలామంది ఇప్పటికీ ‘ఉమ్మడి ఆదిలాబాద్’, ‘ఉమ్మడి వరంగల్’ అనే లెక్కలోనే ఆలోచిస్తారు కనుక, 33 వరుసలను పది ఉమ్మడి జిల్లాల వారీగా పేర్చి, ఒక్కో గుంపుకు మధ్య ఒక ఖాళీ వరుస ఉంచితే పట్టిక చదవడం సులువవుతుంది. అంటే తొమ్మిది ఖాళీ వరుసలు కావాలి. నిలువుగా చూస్తే గ్రామీణ జనాభాకు మూడు నిలువువరుసలు, పట్టణ జనాభాకు మూడు. రెండింటి పైనా చెరొక ఉమ్మడి శీర్షిక, మధ్యలో ఒక సన్నని ఖాళీ. ఇటువంటి నివేదికలలో సర్వసాధారణంగా కనిపించే అమరికే ఇది.

అడ్డువరుసల సంగతి ముందుగా చూద్దాం. రోస్ యాడ్ ఫంక్షనుకు ఎన్ని ఖాళీ వరుసలు కావాలో ఒక అంకెగా ఇస్తే చాలు, అన్ని గడులూ ఖాళీగా ఉన్న వరుసలు వచ్చి చేరతాయి. ఏ వరుసకు ముందు, ఏ వరుసకు తరువాత అన్నది కూడా చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే పట్టిక అడుగున చేరతాయి. స్థానాన్ని వరుస సంఖ్యతో చెప్పడం కంటే, ‘జిల్లా పేరు నిజామాబాద్ అయిన వరుసకు ముందు’ అనే షరతుతో చెప్పడం ఎంతో మేలు. సంఖ్యలు వాడితే మొదటి ఖాళీ చేరగానే కిందివన్నీ ఒక్కో మెట్టు దిగిపోతాయి, తరువాతి ఖాళీలన్నీ తప్పుడు చోట పడతాయి. షరతు వాడితే ఆ బెడద ఉండదు. మూల డేటా చెక్కుచెదరకుండా ఉండి, మార్పంతా పట్టికలోనే జరగడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం.

నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. ఒక్కసారి పిలిస్తే ఒక్క చోటే ఖాళీలు చేరతాయి. తొమ్మిది చోట్ల కావాలంటే తొమ్మిది సార్లు పిలవాలి, లేదా తొమ్మిది జిల్లాల పేర్ల జాబితా మీద, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఒక లూప్ నడపాలి. ‘గుంపు మారిన ప్రతిచోటా ఒక ఖాళీ’ అని ఒక్క మాటలో చెప్పే వీలు లేదు. ప్రోగ్రాము రాయడం అలవాటున్నవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు గానీ, నిన్నమొన్న ఆర్ నేర్చుకుని, కార్యాలయంలో ఎవరో ఇచ్చిన కోడును కొద్దిగా మార్చుకుంటూ నెట్టుకొచ్చేవారికి ఇక్కడే పని ఆగిపోతుంది.

ఖాళీ వరుస చేరిన తరువాత మొదట కనిపించేది ఖాళీ కాదు, ప్రతి గడిలోనూ ‘ఎన్ఏ’ (విలువ లేదు) అనే అక్షరాలు. వాటిని తుడిచేయడానికి సబ్ మిస్సింగ్ అనే ఫంక్షను ఉంది. దాని సహజ ప్రవర్తన ఒక అడ్డగీత పెట్టడం, మనం ఖాళీ పాఠ్యం ఇస్తే గడి నిజంగా ఖాళీ అవుతుంది. చాలామంది దీన్ని పట్టిక మొత్తానికి వర్తింపజేసి ముందుకు సాగిపోతారు. నా ఉదాహరణలో ఆ అలవాటు ఎంత ప్రమాదకరమో హైదరాబాద్ వరుస చూస్తే అర్థమవుతుంది. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా పూర్తిగా పట్టణ ప్రాంతం, గ్రామీణ జనాభా అంటూ లేదు. డేటాలో ఆ మూడు గడులను లేని విలువలుగా నమోదు చేసి ఉంటే, పట్టిక మొత్తానికి వేసిన తుడుపుతో అవి కూడా ఖాళీ అయిపోతాయి. అప్పుడు ఆ వరుసలో ఎడమ సగం గుంపుల మధ్య ఖాళీలాగా, కుడి సగం అంకెలతోనూ కనిపిస్తుంది. ‘ఇక్కడ చెప్పడానికేమీ లేదు’ అనే ఖాళీ, ‘ఈ లెక్క ఈ జిల్లాకు వర్తించదు’ అనే ఖాళీ వేర్వేరు అర్థాలున్నవి. మొదటిదానికి శూన్య పాఠ్యం, రెండవదానికి అడ్డగీత ఉండాలి. కావాలంటే అడుగున ఒక గమనిక కూడా జతచేయాలి.

అందుకు జీటీలో చక్కని వీలుంది, కానీ అది ఎవరూ ముందుగా చెప్పరు. ఖాళీ వరుస చేర్చేటప్పుడే, పట్టికలో ఉండే ఒక అదనపు నిలువువరుసలో ఆ వరుసకు ఒక గుర్తు ఇవ్వవచ్చు; ఉదాహరణకు ‘రకం’ అనే నిలువువరుసలో ‘విరామం’ అని. ఆ నిలువువరుసను పాఠకులకు కనబడకుండా దాచేసినా, తరువాతి ఫంక్షన్లలో వరుసలను ఎంచుకోవడానికి అది పనికొస్తూనే ఉంటుంది. ‘రకం విరామం అయిన వరుసలలో శూన్య పాఠ్యం, మిగిలిన వరుసలలో అడ్డగీత’ అని విడివిడిగా చెప్పుకోవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు చేసుకుంటే కింద చెప్పబోయే ఇబ్బందులలో సగానికి పైగా తొలగిపోతాయి.

ఆ ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే: జీటీ దృష్టిలో ఖాళీ వరుస కూడా ఒక వరుసే. దాన్ని అలంకరణగా కాక డేటాగానే లెక్కిస్తుంది. అడుగున మొత్తం చూపే వరుసను తీసుకోండి. కూడిక, సగటు వంటివాటిని జీటీ స్వయంగా ఇచ్చే పేర్లతో అడిగితే లేని విలువలను పక్కనపెట్టి సరిగానే లెక్కిస్తుంది. మనమే ఒక ఫంక్షను రాసి ఇచ్చి, అందులో లేని విలువలను వదిలేయమని చెప్పడం మరిస్తే మొత్తం స్థానంలో ‘ఎన్ఏ’ వస్తుంది. అది కనీసం కంటబడే తప్పు, వెంటనే సరిదిద్దుకోవచ్చు. కంటబడనిది మరొకటి ఉంది: ‘జిల్లాల సంఖ్య’ అని చూపడానికి వరుసలను లెక్కించే ఫంక్షను పెడితే జవాబు 33 కాదు, 42 వస్తుంది. తెలంగాణ గురించి తెలిసినవారు చూస్తే పట్టేస్తారు. తెలియని పట్టికలో, ఉదాహరణకు ఆసుపత్రుల జాబితాలోనో పాఠశాలల జాబితాలోనో, ఇటువంటి తప్పు అచ్చయ్యే వరకు ఎవరికీ తెలియదు.

రంగుల విషయంలోనూ ఇదే తంతు. వరుస విడిచి వరుసకు లేత బూడిదరంగు వేసే సౌకర్యం సరి సంఖ్య వరుసలకు రంగు వేస్తుంది, ఖాళీ వరుసలను కూడా లెక్కలో కలుపుకునే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో నాలుగు జిల్లాలు కనుక మొదటి ఖాళీ ఐదవ వరుస, తెల్లగా ఉంటుంది. తరువాత నిజామాబాద్, కామారెడ్డి పోను రెండవ ఖాళీ ఎనిమిదవ వరుస, అది బూడిదరంగు పట్టీగా మిగులుతుంది. ఒక విరామం తెల్లగానూ మరొకటి రంగుతోనూ కనిపిస్తే పాఠకుడు అందులో లేని అర్థం వెతుక్కుంటాడు. అంకెల పరిమాణాన్ని బట్టి గడులకు రంగు వేసే డేటా కలర్ ఫంక్షనుతో సంగతి ఇంకా అన్యాయం: లేని విలువలున్న గడులకు అది సహజంగా ముదురు బూడిదరంగు వేస్తుంది, కాబట్టి తెరిపి కోసం పెట్టిన ఖాళీలే పట్టికలో అన్నిటికంటే బరువైన పట్టీలుగా నిలబడతాయి. రంగు వేయవలసిన వరుసలను ఎంపిక చేసి ఇవ్వడమో, లేని విలువల రంగును తెలుపుగా మార్చడమో తప్పనిసరి. ఖాళీ వరుసలున్న పట్టికలో వరుస విడిచి వరుస రంగులు అసలు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండూ ఒకే పని చేయడానికి పుట్టినవి, రెంటినీ కలిపితే ఏదీ సరిగా చేయదు.

ఎత్తు గురించి కూడా ఒక మాట చెప్పాలి. వెబ్ పట్టికలో ప్రతి గడికీ పైన 8, కింద 8 పిక్సెళ్ల ఖాళీ ముందే ఉంటుంది, దానికి ఒక పంక్తి ఎత్తు కలుస్తుంది. అందువల్ల ఖాళీ వరుస పూర్తి వరుసంత ఎత్తుగా వస్తుంది. గుంపుల మధ్య అంత దూరం సాధారణంగా అవసరం లేదు, సగం చాలు. ఆ వరుసల అక్షర పరిమాణాన్ని బాగా తగ్గించి, గడి లోపలి ఖాళీని, వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్ శైలితో కుదిస్తే సన్నని విరామం వస్తుంది, చూడముచ్చటగా కూడా ఉంటుంది. కానీ సీఎస్‌ఎస్‌గా రాసిన శైలి వెబ్ పట్టికకే పరిమితం. అదే పట్టికను వర్డ్‌కు పంపితే ఆ కుదింపు అక్కడికి రాదు. గుంపుల మధ్య గీతలు కూడా విరామానికి పైనా కిందా రెండేసి మిగిలిపోతాయి. వాటిలో ఒకదానికి నేపథ్యపు రంగు ఇచ్చి కనబడకుండా చేయాలి. ఇంత శ్రమ పడేబదులు, వెబ్‌కే పరిమితమైన పట్టికలలో ఖాళీ వరుస చేర్చకుండా, ప్రతి గుంపులోని మొదటి వరుసకు పైన అదనపు ఖాళీ పెంచుకుంటే సరిపోతుంది. అప్పుడు లెక్కలూ చెడవు, రంగులూ చెడవు. వర్డ్‌కు వెళ్లే పట్టికలో మాత్రం నిజమైన ఖాళీ వరుసే నమ్మకమైనది.

ఖాళీ నిలువువరుసలు పోల్చి చూస్తే నిరపాయమైనవి. కోల్స్ యాడ్‌తో గ్రామీణ మొత్తం తరువాత ఒక నిలువువరుస చేర్చి, ఒకే ఖాళీ విలువ ఇస్తే అది అన్ని వరుసలకూ వర్తిస్తుంది. కూడికలూ లెక్కింపులూ దాని జోలికి రావు. ఉమ్మడి శీర్షికలు ముందుగా పెట్టి, ఆ తరువాత ఖాళీని చేరిస్తే అది రెండు శీర్షికలకూ చెందకుండా మధ్యలో నిలుస్తుంది. అయితే ప్రతి నిలువువరుసకూ వేరే పేరు ఉండాలి కనుక ‘ఖాళీ1’, ‘ఖాళీ2’ అని పేర్లు పెట్టడం, ఆ పేర్లు తలపై కనబడకుండా శూన్యంగా మార్చడం, వెడల్పు విడిగా కుదించడం అనే మూడు పనులు వెంట వస్తాయి. పైగా నిలువువరుసల పేర్ల కింద నడిచే అడ్డగీత ఖాళీ మీదుగా కూడా సాగిపోతుంది. గీత తెగితేనే రెండు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి, కాబట్టి అక్కడ కూడా గీతను చెరపాలి. నిజం చెప్పాలంటే జీటీ వెబ్ పట్టికలలో పక్కపక్కనున్న ఉమ్మడి శీర్షికల కింది గీతల మధ్య కొద్దిపాటి ఎడం ముందే ఉంటుంది. రెండే భాగాలున్న పట్టికకు చాలాసార్లు ఆ ఎడమే సరిపోతుంది, ఖాళీ నిలువువరుస చేర్చే ముందు ఒకసారి పట్టికను అలాగే చూసుకోవడం మంచిది.

ఈ విషయంలో ఆర్‌లోనే పట్టికలకు వాడే ఫ్లెక్స్‌టేబుల్ ప్యాకేజీ జీటీ కంటే ముందుంది. డేవిడ్ గోహెల్ రూపొందించిన ఆ ప్యాకేజీలో పట్టికలో కనబడవలసిన నిలువువరుసల పేర్ల జాబితా ఇచ్చేటప్పుడు, డేటాలో లేని పేరు ఒకటి మధ్యలో రాస్తే చాలు, అది తనంతట తానే ఖాళీ నిలువువరుస అవుతుంది. ఎంప్టీ బ్లాంక్స్ అనే మరో ఫంక్షను ఆ ఖాళీలను సన్నగా చేసి, వాటి మీది గీతలన్నీ తీసేస్తుంది. జీటీలో నాలుగైదు మెట్లు పట్టే పని అక్కడ రెండు మెట్లలో ముగుస్తుంది. పవర్‌పాయింట్, వర్డ్ పత్రాలే ప్రధానమైనవారు జీటీ కంటే దానివైపే మొగ్గడానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా, ముఖ్యమైన కారణాలలో ఒకటి.

ఆర్‌లో నివేదికలు కూర్చే నిటర్ ప్యాకేజీలోని కేబుల్ ఫంక్షను మరో తీరు. లేటెక్‌లో బుక్‌ట్యాబ్స్ అనే పట్టిక శైలి ఎంచుకుంటే అది ప్రతి ఐదు వరుసలకూ తనంతట తాను కొద్దిగా ఖాళీ వదులుతుంది. సంఖ్యల పొడవాటి జాబితాలో అది మంచి సదుపాయమే, కానీ గుంపుల సంగతి దానికి తెలియదు. మన పట్టికలో ఐదవ వరుస నిజామాబాద్, ఆరవది కామారెడ్డి. ఒకే ఉమ్మడి జిల్లా నుంచి వచ్చిన రెండింటినీ అది విడదీసి కూర్చుంటుంది.

హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ నివేదికల రంగంలో పనిచేసే ప్రోగ్రామర్లు చాలామంది శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నివేదికలు ముద్రించే ప్రాక్ రిపోర్ట్‌తో పెరిగినవారు. వారికి జీటీ పద్ధతి వింతగా అనిపించడం సహజం. ప్రాక్ రిపోర్ట్‌లో గుంపు ముగిసిన చోట కంప్యూట్ ఆఫ్టర్ అని రాసి, లైన్ ఆజ్ఞతో ఒక శూన్య పంక్తి ముద్రిస్తారు. అది ముద్రణలో మాత్రమే ఉంటుంది, డేటాలో వరుసగా లెక్కకు రాదు, గుంపులు ఎన్ని ఉన్నా ఒక్కసారి రాస్తే చాలు. బ్రేక్ ఆజ్ఞతో పాటు స్కిప్ అని రాస్తే ఖాళీ వస్తుందని నేర్చుకున్నవారు మాత్రం, అది పాత లిస్టింగ్ ముద్రణకే (సాదా అక్షరాల ముద్రణకే) పనిచేస్తుందని, ఆర్‌టీఎఫ్, వెబ్ ముద్రణలలో పట్టించుకోదని గుర్తుంచుకోవాలి. అదే రంగం కోసం ఆర్‌లో వచ్చిన ఆర్‌టేబుల్స్ ప్యాకేజీ కూడా ఈ విషయంలో తెలివిగా నడుచుకుంది: వరుసలను గుంపులుగా విడదీయమని చెప్పే చోటే, గుంపుల మధ్య విరామ చిహ్నం ఏమిటో చెప్పవచ్చు, అక్కడ ఒక ఖాళీ అక్షరం (స్పేస్) ఇస్తే ఖాళీ పంక్తి వస్తుంది. విరామాన్ని గుంపు లక్షణంగా చూడడం సరైన ఆలోచన. జీటీ దాన్ని వరుసగా చూసింది, పైన చెప్పుకున్న చిక్కులన్నీ ఆ నిర్ణయం నుంచే పుట్టాయి.

తెలుగులో పట్టికలు తయారుచేసేవారికి జీటీ అనుకూలించే అంశాలు రెండు ఉన్నాయి. సంఖ్యలను మన లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టి చూపడానికి ఫార్మాట్ ఫంక్షన్లలో భారతీయ పద్ధతి అనే ఎంపిక ఉంది. చెప్పకపోతే మిలియన్ల పద్ధతిలోనే వస్తాయి. పట్టికను బొమ్మగా తీసేటప్పుడు వెనుక క్రోమ్ బ్రౌజరే పనిచేస్తుంది కాబట్టి ‘జోగులాంబ గద్వాల’, ‘కుమురం భీం ఆసిఫాబాద్’ వంటి పేర్లలో వత్తులు, గుణింతాలు చెదరకుండా వస్తాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఖతిని ఎంచుకునే వీలూ ఉంది. తెలుగు అక్షరాలకు కింద వత్తులు ఉండడం వల్ల పంక్తి ఎత్తు ఇంగ్లీషు పట్టికలో కంటే ఎక్కువ కావాలి. వరుసల ఎత్తు పెరిగితే విరామం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి, లేకపోతే అది కనిపించకుండా పోతుంది. ఇంగ్లీషు నమూనాలో కుదిరిన కొలతలను తెలుగు పట్టికకు యథాతథంగా తెచ్చుకోకూడదు.

ఇంకొక సంగతి, పట్టిక అందుకునేవారి వైపు నుంచి. వెబ్ పేజీలోని పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌లో అతికించుకుని, క్రమం మార్చుకోవాలనో వడకట్టుకోవాలనో చూసేవారు ఎప్పుడూ ఉంటారు. ఖాళీ వరుస ఎదురైన చోటే పట్టిక ముగిసిందని ఎక్సెల్ భావిస్తుంది కాబట్టి, ఆదిలాబాద్ గుంపులోని నాలుగు జిల్లాలే క్రమంలోకి వచ్చి మిగిలినవన్నీ అలాగే ఉండిపోతాయి. ఖాళీలున్న పట్టికను చూడడానికి ఇచ్చి, ఖాళీలు లేని డేటా ఫైలును పక్కన దించుకోవడానికి ఇస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. జీటీలో మూల డేటా చెడదు కనుక ఆ రెండవ ఫైలు ఇవ్వడం ఒక్క పంక్తి పని.

ఖాళీ వరుసలు చేర్చే పనికి మాత్రమే మార్కులు వేయమంటే జీటీకి ఐదుకు మూడున్నర ఇస్తాను, ఖాళీ నిలువువరుసలకు మూడు. వెబ్ నివేదికలు, బొమ్మలుగా పంపే పట్టికలు తయారుచేసేవారు దీన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. గుర్తు పెట్టే నిలువువరుస ముందుగా ఏర్పాటు చేసుకుని, ఖాళీలను మొదట చేర్చి, అంకెల రూపాలు, రంగులు ఆ తరువాత వేసే క్రమం పాటిస్తే చాలు. వర్డ్ పత్రాలలో అనేక భాగాలుగా విడిపోయే వెడల్పాటి పట్టికలు ఎక్కువగా చేసేవారికి ఫ్లెక్స్‌టేబుల్ తక్కువ శ్రమతో పని ముగిస్తుంది. రోస్ యాడ్ ఒకే పిలుపులో అనేక స్థానాలను అంగీకరించేలా మారితే, పైన వేసిన మార్కులను తిరిగి చూడవలసి ఉంటుంది.